పోస్టు చూసి నాడి చెప్పగలరా?

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆసుపత్రికి వచ్చిన రోగులను పెన్సిల్వేనియా యూనివర్సిటీ వైద్యులు ఒక వింత కోరిక కోరారు. మీ ఫేస్‌బుక్ పోస్టులు మాకు చూపిస్తారా, వాటిని మీ ఆసుపత్రి రికార్డులతో కలిపి చదువుకుంటాం అని. ఒప్పుకున్న 999 మంది రాతలను, దాదాపు రెండు కోట్ల మాటలను, కంప్యూటరుకు అప్పగించారు. డాక్టర్ రైనా మర్చంట్ బృందం 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం షుగరు, ఆందోళన, డిప్రెషన్, మద్యం వ్యసనం లాంటి 21 రకాల జబ్బుల జాడ ఆ మాటల్లో ఎంతో కొంత కనిపించింది. వాటిలో పదింటి విషయంలోనైతే రోగి వయసు, లింగం, జాతి అన్న వివరాలకంటే ఫేస్‌బుక్ మాటలే మెరుగైన ఆనవాళ్లని తేలింది. తాగడం గురించీ సీసా గురించీ తరచుగా రాసేవాళ్లలో మద్యం జబ్బు ఎక్కువగా ఉండటం ఎవరైనా ఊహించగలిగేదే. ఎవరూ ఊహించనిది ఇంకొకటి బయటపడింది. దేవుడు, కుటుంబం, ప్రార్థన అన్న మాటలు అందరికంటే ఎక్కువగా వాడిన నాలుగో వంతు మందిలో షుగరు ఉండే అవకాశం, ఆ మాటలు అతి తక్కువగా వాడిన నాలుగో వంతు మందితో పోలిస్తే 15 రెట్లు ఎక్కువ.

ఈ సూత్రాన్ని తెలుగు వాట్సాప్ గ్రూపుల మీద ప్రయోగిస్తే పొద్దున్నే వేంకటేశ్వరస్వామి బొమ్మతో శుభోదయం పంపే ప్రతి బాబాయినీ రక్తపరీక్షకు పంపాల్సి వస్తుంది. (పంపినా నష్టం లేదు, మన దగ్గర షుగరు సంగతి అలాగే ఉంది.) దైవభక్తి వల్ల షుగరు వస్తుందని పరిశోధకులు చెప్పలేదు. ఆ మాటలు, ఆ జబ్బు ఒకే రకం మనుషుల దగ్గర కలిసి కనిపించాయి, అంతే. అయినా ఇలాంటి అధ్యయనాలు పదేళ్లకు పైగా వరసగా వస్తున్నాయి. వాటిని చదివినవాళ్లు సాధారణంగా రెండు వర్గాలుగా విడిపోతారు. రేపటి డాక్టరు నాడి బదులు ఫోను చూస్తాడని సంబరపడేవాళ్లు ఒకవైపు, ఇదంతా కంప్యూటర్ జాతకమని కొట్టిపారేసేవాళ్లు మరోవైపు. ఇద్దరూ వాదించుకునేది యంత్రం లెక్క ఎంత కచ్చితం అన్న దాని గురించే. ఆ లెక్కకంటే ముందు తేలాల్సినది వేరే ఉందని నా వాదన. మన రాతల్లోంచి మన స్వభావాన్నీ ఆరోగ్యాన్నీ కొంతవరకు పసిగట్టవచ్చు, అది నిజం. ఆ పసిగట్టిన సంగతి రోగి ఇష్టపూర్వకంగా తన డాక్టరుకు చూపిస్తే వైద్యానికి పనికొస్తుంది. అదే సంగతి రోగికి తెలియకుండా మూడోవాడి చేతిలో పడితే, లెక్క సరైనదైనా తప్పైనా, హానే చేస్తుంది.

స్వభావానికీ సోషల్ మీడియాకూ లంకె ఎలా కుదిరిందో ముందు చూడాలి. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక పెద్ద ఇంగ్లిషు నిఘంటువును ముందేసుకుని మనిషి గుణాలను చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18 వేలు తేలాయి. మనుషుల్లో ముఖ్యమైన తేడా ఏదైనా ఉంటే దానికి భాషలో ఎక్కడో ఒక మాట పుట్టే ఉంటుందన్నది వాళ్ల నమ్మకం. తర్వాతి దశాబ్దాల్లో ఎందరో ఆ మాటలను వడపోసి, గుంపులు కట్టి, చివరికి ఐదు గుణాల దగ్గర ఆగారు: కొత్తదనం మీద ఆసక్తి, పని పట్ల శ్రద్ధ, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, ఊరికే కలతపడే గుణం. ఇవి మనుషులను పెట్టే ఐదు డబ్బాలు కావు. ప్రతి మనిషిలోనూ ఐదూ ఉంటాయి, పాళ్లే వేరు. వంటలో ఉప్పూ కారం పులుపూ లాగా.

ఈ పాళ్లకు ఆరోగ్యంతో సంబంధం ఉందని గట్టి ఆధారాలే ఉన్నాయి. కాలిఫోర్నియాలో లూయీ టెర్మన్ 1921లో సుమారు 1,500 మంది తెలివైన పిల్లలను ఎంచుకుని జీవితాంతం గమనించే పని మొదలుపెట్టాడు. ఆయన పోయాక కూడా అది ఆగలేదు. దశాబ్దాల తర్వాత హోవర్డ్ ఫ్రీడ్‌మన్ బృందం వాళ్లలో ఎవరు ఎప్పుడు చనిపోయారో లెక్క తీస్తే, చిన్నప్పుడు శ్రద్ధ, నిదానం, బాధ్యత ఉన్న పిల్లలు ఎక్కువకాలం బతికినట్టు తేలింది. ఎప్పుడూ నవ్వుతూ తుళ్లుతూ ఉన్న పిల్లలు మిగతావాళ్లకంటే కాస్త ముందే పోయారు. శ్రద్ధ ఉన్న మనిషి మందులు వేళకు వేసుకోవడం, సిగరెట్ల జోలికి పోకపోవడం, బండి జాగ్రత్తగా నడపడం లాంటివి దీనికి కొంత కారణం.

అయితే స్వభావాన్ని వైద్యంలోకి తెచ్చినప్పుడు ఏం జరగగలదో చెప్పే కథ ఇంకొకటి ఉంది. 1950లలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఇద్దరు గుండె డాక్టర్లు, మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజెన్‌మన్, ఎప్పుడూ తొందరపడుతూ, పోటీపడుతూ, చిటపటలాడే మనుషులకు 'టైప్ ఎ' అని పేరుపెట్టి, వాళ్లకు గుండెజబ్బు ఎక్కువన్నారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఆ సంబంధం చాలావరకు నిలబడలేదు. పొగాకు కంపెనీల పాత పత్రాలు బయటికి వచ్చాక మార్క్ పెటిక్రూ తదితరులు వాటిని తిరగేసి 2012లో రాసినదాన్ని బట్టి, టైప్ ఎ పరిశోధనలకు ఆ కంపెనీలు ఏళ్ల తరబడి డబ్బు పోశాయి. ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. గుండెపోటుకు కారణం నీ స్వభావమే అయితే నీ జేబులోని సిగరెట్ పెట్టె నిర్దోషి అవుతుంది. పరిశోధన చేసిన డాక్టర్లు మోసగాళ్లేమీ కారు. వాళ్ల ఫలితం ఎవరికి అక్కరకొచ్చిందో అక్కడ ఉంది సమస్య.

ఇక సోషల్ మీడియా. 2007లో డేవిడ్ స్టిల్‌వెల్ అనే విద్యార్థి ఫేస్‌బుక్‌లో స్వభావ పరీక్ష పెట్టే చిన్న యాప్ ఒకటి తయారుచేశాడు. సరదాగా మొదలైన దానికి లక్షల మంది జవాబులిచ్చారు, చాలామంది తమ ప్రొఫైలు వివరాలు కూడా పరిశోధనకు ఇచ్చారు. ఆ నిధి మీదే కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో మైకేల్ కొసిన్‌స్కీ తదితరులు పనిచేశారు. 2013లో 58 వేల మంది లైకులను బట్టి వాళ్ల రాజకీయ మొగ్గు, లైంగిక ఇష్టాల లాంటివి కూడా ఊహించవచ్చని చూపారు. 2015లో మరో అడుగు వేశారు. ఒక మనిషి స్వభావాన్ని అంచనా వేయడంలో కంప్యూటరుకు పది లైకులు దొరికితే ఆఫీసులో తోటి ఉద్యోగిని మించుతుంది, 70 దొరికితే స్నేహితుణ్ని, 150 దొరికితే ఇంట్లోవాళ్లను, 300 దొరికితే కట్టుకున్నవాళ్లతో సరితూగుతుంది అన్నారు. పత్రికలు ఈ చివరి ముక్కను ఎంత ఇష్టంగా అచ్చేశాయో చెప్పనక్కర్లేదు. ఆ వార్తల్లో పెద్దగా కనబడని విషయం ఏమిటంటే, ఇక్కడ కొలబద్ద ఆ మనిషి తన గురించి తాను నింపిన ప్రశ్నపత్రం. మనం మన గురించి ఏమనుకుంటామో దాన్ని యంత్రం ఊహించింది. భార్యకు తెలిసినది బహుశా అది కాదు.

సోషల్ మీడియాలో అందరూ వేషం వేస్తారు కదా, అక్కడ స్వభావం ఎలా కనబడుతుంది అన్నది వెంటనే వచ్చే అభ్యంతరం. దీన్ని కూడా పరీక్షించారు. మిట్యా బాక్ బృందం 2010లో అమెరికా, జర్మనీలకు చెందిన 236 మంది ప్రొఫైళ్లను ముక్కూ మొహం తెలియనివాళ్లకు చూపించింది. చూసినవాళ్ల అంచనాలు ఆ మనుషులు కావాలనుకున్న ఆదర్శ రూపానికంటే వాళ్ల అసలు స్వభావానికే దగ్గరగా వచ్చాయి. కొద్దిగా ఆలోచిస్తే ఇది సహజమే. పెళ్లికి వెళ్లినప్పుడు అందరూ ముస్తాబవుతారు, కానీ ఎవరు ఎలా ముస్తాబయ్యారన్న దాంట్లో మనిషి తెలిసిపోతాడు. ఆ అధ్యయనంలో అన్నిటికంటే మసకగా కనిపించింది మాత్రం కలతపడే గుణం. డాక్టరుకు ఎక్కువగా కావలసింది అదే.

అసలు అంచనాల బలమెంత? డిజిటల్ ఆనవాళ్ల నుంచి ఐదు గుణాలను ఊహించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో వేసిన లెక్కలో యంత్రం ఊహకూ వాస్తవానికీ మధ్య సహసంబంధం 0.29 నుంచి 0.40 వరకు వచ్చింది. మనుషుల మధ్య ఉండే తేడాలు వంద అనుకుంటే అందులో ఎనిమిది నుంచి పదహారు వంతుల్నే ఈ ఊహ వివరించగలదని దాని అర్థం. లక్ష మందికి ఒకేసారి ప్రకటన చూపించేవాడికి ఇది బోలెడు. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి మందు రాయాల్సినవాడికి చాలదు.

డిప్రెషన్ విషయంలో బాగా పేరొచ్చిన అధ్యయనాన్ని చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. యోహానెస్ ఐష్టెట్ బృందం 2018లో 683 మంది రోగుల ఫేస్‌బుక్ రాతలను పరిశీలించింది. వాళ్లలో 114 మందికి ఆ తర్వాత డిప్రెషన్ ఉన్నట్టు రికార్డుల్లో నమోదైంది. నమోదుకు మూడు నెలల ముందటి రాతల్లోనే సంకేతాలు దొరికాయి. కన్నీళ్లు, ఒంటరితనం, ఒంటి నొప్పులు, 'నేను', 'నా', 'నాకు' అన్న మాటలు ఎక్కువ. అంచనాకు వచ్చిన మార్కు 0.69. డిప్రెషన్ ఉన్న ఒకరినీ లేని ఒకరినీ పక్కపక్కన నిలబెడితే నూటికి 69 సార్లు సరిగ్గా చూపించగలదన్నమాట. బొమ్మా బొరుసూ వేసినా యాభై సార్లు సరిపోతుంది. మామూలు ప్రశ్నపత్రాలకు ఇంచుమించు సమానమని పరిశోధకులు చెప్పిన మాట నిజమే. దీన్నే ఊరి మీద ప్రయోగిస్తే ఏమవుతుందో ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాం. వెయ్యి మంది ఉన్న ఊళ్లో 50 మందికి డిప్రెషన్ ఉందనుకుందాం. యంత్రం ఉన్నవాళ్లలో నూటికి డెబ్బై మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో నూటికి ముప్పై మందిని పొరపాటుగా పట్టుకుంటుంది అనుకుందాం. ఉన్నవాళ్లలో 35 మంది దొరుకుతారు. లేని 950 మందిలో 285 మంది కూడా దొరుకుతారు. మొత్తం 320 మంది తలుపులు తడితే అందులో తొమ్మిదింట ఎనిమిది ఇళ్లు తప్పు ఇళ్లు. 15 మంది అసలు రోగులు జాబితాలోనే ఉండరు. ఆసుపత్రి గదిలో డాక్టరు ఇదే ఫలితాన్ని చూస్తే ఇంత ప్రమాదం లేదు. ఆయన మరో నాలుగు ప్రశ్నలు అడిగి తేల్చుకుంటాడు. తేడా అంతా అక్కడుంది.

యంత్రాలు నేర్చుకుంటాయి, ఈ అంకెలు మెరుగవుతాయి అంటారు. మెరుగవుతాయి. అయితే ఎవరి భాషలో? ఆ 'నేను' సంగతే చూడండి. బాధలో ఉన్న మనిషి తనలోకి తాను ముడుచుకుంటాడు కాబట్టి 'నేను' ఎక్కువవుతుందని చాలాకాలం దీన్ని దాదాపు సార్వత్రిక లక్షణంగా తీసుకున్నారు. 2024లో సన్నీ రాయ్, శరత్‌చంద్ర గుంటుకు తదితరులు అమెరికాలోనే 868 మంది ఫేస్‌బుక్ రాతలను, సగం మంది నల్లవారూ సగం మంది తెల్లవారూ ఉండేలా తీసుకుని, మళ్లీ పరీక్షించారు. తెల్లవారిలో 'నేను'కూ డిప్రెషన్‌కూ సంబంధం కనిపించింది. నల్లవారిలో కనిపించనే లేదు. నల్లవారి రాతలతోనే ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చినా యంత్రం వాళ్ల విషయంలో తడబడింది. ఒకే దేశం, ఒకే ఇంగ్లిషు, పక్కపక్క వీధులు. అక్కడే ఇంత తేడా ఉంటే తెలుగు దాకా వచ్చేసరికి ఏమవుతుంది?

తెలుగులో 'నేను' అనక్కర్లేదు. 'అన్నం తిన్నాను', 'నిద్ర పట్టక లేచి కూర్చున్నాను' అంటే చాలు, క్రియ చివరి 'ను'లో మనిషి ఉన్నాడు. మాట్లాడేటప్పుడు ఆ 'ను' కూడా రాలిపోయి 'తిన్నా', 'కూర్చున్నా' అయిపోతుంది. నేను అన్న మాట పైకి వచ్చిందంటే చాలాసార్లు అది నొక్కిచెప్పడానికో, నువ్వు కాదు నేను అని వేరుచేయడానికో. బాధనైతే తెలుగువాడు చేయడు, అది అతనికి కలుగుతుంది: 'నాకు బాధగా ఉంది', 'ఏం తోచట్లేదు', 'మనసేం బాలేదు'. ఇంగ్లిషు వాక్యంలో కర్త స్థానంలో కూర్చున్న మనిషి ఇక్కడ బాధ వచ్చి వాలే చోటు అవుతాడు, లేదా వాక్యంలోంచే తప్పుకుంటాడు. ఇంగ్లిషులో 'నేను'లు లెక్కపెట్టే కొలతను తెలుగు మీద పెడితే అది కొలిచేది దుఃఖాన్ని కాదు, వ్యాకరణాన్ని.

వ్యాకరణం దాటితే పలుకుబడి. 'చంపేశాడు బాసూ' అన్నది అభిమాన హీరో డాన్సుకు మెప్పు. 'ఎండకు చచ్చిపోతున్నాం', 'నవ్వలేక చచ్చాను', 'పిచ్చెక్కించావ్ పో' రోజూ వాడే మాటలు. చావు మాటలు పట్టుకునే యంత్రం కొత్త సినిమా విడుదలైన శుక్రవారం నాడు రెండు రాష్ట్రాల్లోనూ మానసిక అత్యవసర పరిస్థితి ఉందని గంట కొట్టినా ఆశ్చర్యం లేదు. మరోవైపు నిజంగా కుంగిపోయిన మనిషి చావు ఊసే ఎత్తకపోవచ్చు. 'ఒళ్లంతా నీరసం', 'తల దిమ్ముగా ఉంది', 'గుండె బరువుగా ఉంది', 'నరాలు పీకుతున్నాయి', 'గ్యాస్ పట్టేసింది' అంటాడు. మన ప్రాంతంలో మనసు జబ్బు ఒంటి బాధగా మాట్లాడుతుందన్నది ఇక్కడి వైద్యులకు పాత సంగతే. పైగా తెలుగు పోస్టు సగం తెలుగు లిపిలో, సగం ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో హిందీ ముక్కతో వస్తుంది. 'బాగుంది' అన్న మాటనే ఇంగ్లిషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో ఫోను తీసి చూస్తే తెలుస్తుంది. ఇక అసలు కష్టసుఖాలు పంచుకునేది బయటికి కనబడే గోడ మీద కాదు, తాళం వేసిన వాట్సాప్‌లో. ఇంట్లో ఒకే ఫోను నలుగురు వాడే చోట ఆ లైకులు తల్లివో కొడుకువో యంత్రానికెలా తెలుస్తుంది?

ఇవన్నీ ఎప్పటికీ తీరని సమస్యలని నేను అనను. తెలుగు డేటా పోగవుతుంది, యంత్రం తెలుగు వెటకారం కూడా పట్టేస్తుందేమో. పూర్తిగా కచ్చితమైన యంత్రమే వచ్చిందనుకుందాం. అప్పుడైనా దాన్ని మనకు తెలియకుండా మన మీద వాడొచ్చా? బ్రిటన్‌లో ఆత్మహత్యల నివారణ కోసం దశాబ్దాలుగా పనిచేస్తున్న సమారిటన్స్ సంస్థ 2014 అక్టోబరు 29న రేడార్ అనే యాప్ విడుదల చేసింది. ట్విట్టర్‌లో మీరు ఫాలో అయ్యేవాళ్లు 'ఒంటరితనంతో విసిగిపోయా', 'నా మీద నాకే అసహ్యం' లాంటి మాటలు రాస్తే మీకు ఈమెయిల్ వస్తుంది. రాసిన మనిషికి మాత్రం తనను గమనిస్తున్నారని తెలియదు. ఉద్దేశం మంచిదే. ఎక్కువగా ఎదురు తిరిగింది మానసిక సమస్యలతో బతుకుతున్నవాళ్లే. ట్విట్టర్‌లో మాకో ఆసరా దొరికింది, ఇప్పుడు అక్కడ నోరు విప్పితే ఎవరికి కబురు వెళ్తుందో తెలియదు, మమ్మల్ని వేధించేవాడు కూడా ఆ యాప్ పెట్టుకోవచ్చు కదా అన్నారు. నవంబరు 7కల్లా యాప్ ఆపేశారు, తర్వాత పూర్తిగా మూసేశారు. చూస్తున్నారని తెలిస్తే మనుషులు రాయడం మానేస్తారు. రాయడం మానేస్తే సంకేతమూ ఉండదు, ఊరటా ఉండదు.

రెండేళ్ల తర్వాత అదే బ్రిటన్‌లో అడ్మిరల్ అనే కార్ల బీమా కంపెనీ కొత్త డ్రైవర్లకు ఒక పథకం ప్రకటించింది. మీ ఫేస్‌బుక్ పోస్టులు చూడనిస్తే స్వభావాన్ని బట్టి ప్రీమియంలో తగ్గింపు ఇస్తాం. చిన్న చిన్న వాక్యాల్లో, జాబితాలు వేసుకుంటూ, ఫలానా గంటకు ఫలానా చోట కలుద్దాం అని రాసేవాడు శ్రద్ధగలవాడు. ఆశ్చర్యార్థకాలు గుప్పించేవాడు, 'ఎప్పుడూ', 'ఎన్నడూ' అనేవాడు అతివిశ్వాసి. టెర్మన్ పిల్లల నుంచి వచ్చిన 'శ్రద్ధ' బీమా గుమస్తా బల్ల మీదికి ఇలా చేరింది. విడుదలకు కొద్ది గంటల ముందు ఫేస్‌బుక్ ఇది మా నిబంధనలకు విరుద్ధమని ఆపేసింది. ఆపింది చట్టం కాదు, ఒక కంపెనీ తన నిబంధనల పుస్తకం చూసుకుని ఆపింది. 2019లో న్యూయార్క్ రాష్ట్ర బీమా నియంత్రణ విభాగం జీవిత బీమా కంపెనీలు ఇలాంటి బయటి సమాచారం వాడుకోవచ్చని, కాకపోతే అన్యాయమైన వివక్ష లేదని అవే నిరూపించుకోవాలని చెప్పింది. కారు నుంచి ప్రాణం దాకా రావడానికి పట్టింది మూడేళ్లే.

అదంతా అక్కడి గొడవ అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఇక్కడి లెక్క ఒకటి. 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార కంపెనీ వ్యవహారంలో స్వభావ పరీక్ష పెట్టిన వేరే యాప్‌ను మన దేశంలో వేసుకున్నది 335 మంది. ఫేస్‌బుక్ స్వయంగా చెప్పిన ప్రకారం, యాప్ వేసుకున్నవాళ్లనూ, వేసుకున్నవాళ్ల స్నేహితులనూ కలిపితే సమాచారం పోయి ఉండగల భారతీయులు 5,62,455 మంది. కొందరు సరదాగా నొక్కిన బటన్‌కు లక్షల మంది తమకు తెలియకుండానే లెక్కలోకి వచ్చారు.

పోస్టు బహిరంగంగా పెట్టాక అది రహస్యమెలా అవుతుంది అని అడిగేవాళ్లున్నారు. పేచీ పోస్టు గురించి కాదు. నేను రాత్రి మూడింటికి పాత పాట ఒకటి పంచుకుంటే ఆ పాట బహిరంగం. అలాంటి నూరు పోస్టుల నుంచి 'ఇతనికి డిప్రెషన్ ఉండొచ్చు' అని తీసిన అంచనా నేను ఎవరికీ చెప్పలేదు, నాకే తెలియకపోవచ్చు. విడివిడిగా అమాయకమైన ముక్కలను ఒకచోట కుట్టితే కొత్తగా పుట్టేదే ఆ రహస్యం. మన చట్టాలు దీన్ని సగమే పట్టుకున్నాయి. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చింది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్సకు సంబంధించిన అవసరానికో చట్టం చెప్పిన ఇతర విషయాలకో తప్ప ఎవరూ ఎవరినీ మానసిక రోగిగా వర్గీకరించకూడదని మూడో సెక్షన్‌లోనే చెప్పింది. చాలా గొప్ప వాక్యం అది, కంప్యూటరును దృష్టిలో పెట్టుకుని రాసినది కాకపోయినా సరిగ్గా అతుకుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం, మనిషి తానే బహిరంగంగా పెట్టిన సమాచారానికి తాను వర్తించనని అంటుంది. ఉదాహరణగా ఇచ్చింది కూడా సోషల్ మీడియాలో అభిప్రాయాలు రాసుకునే ఒక మహిళనే. ఆరోగ్య సమాచారానికి ప్రత్యేకంగా మరింత కాపుదల కూడా అందులో లేదు. ఒక చట్టం మూసిన తలుపును మరొకటి వారగా తెరిచి ఉంచినట్టయింది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ప్రాణాలది. ఒక్క ప్రాణం నిలిచినా చాలు, అనుమతులంటూ కూర్చుంటే ఎలా? ముందు రెండు సంగతులను వేరుచేయాలి. 'ఇక బతకను' అని ఒకరు సూటిగా రాస్తే అది అంచనా కాదు, పిలుపు. దానికి యంత్రం అక్కర్లేదు, చదివినవాళ్లు వెంటనే ఫోన్ చేయాలి, లేదా 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు కబురు పెట్టాలి, అది తెలుగులోనూ పలుకుతుంది. ఏమీ చెప్పనివాళ్ల మీద వల వేయడం వేరే పని. అక్కడ మన కొరత గుర్తించడంలో కాదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఊళ్లో ఆ మనిషి కుంగిపోయాడని ఇంట్లోవాళ్లకు చాలాసార్లు తెలుసు. తీసుకెళ్లడానికి దగ్గర్లో డాక్టరు లేడు, తీసుకెళ్తే నలుగురూ ఏమంటారోనన్న భయం ఉంది. క్యూలో నిలబెట్టేవాడిని కొత్తగా తెచ్చినంత మాత్రాన కిటికీ వెనక కూర్చునేవాడు పుట్టుకురాడు.

అలాగని ఈ పరిజ్ఞానాన్ని అటకెక్కించాలా? అక్కర్లేదు. మనుషుల పేర్లు లేకుండా, ప్రాంతాల మీద చూస్తే ఇది బాగా పనికొస్తుంది. ఐష్టెట్ బృందమే 2015లో అమెరికాలోని 1,347 కౌంటీల నుంచి 14.8 కోట్ల ట్వీట్లను పరిశీలించి, కోపం, ద్వేషం ఎక్కువగా పలికిన చోట గుండెజబ్బు మరణాలు ఎక్కువని చూపింది. ట్వీట్ చేసేది కుర్రాళ్లు, గుండెజబ్బుతో పోయేది పెద్దవాళ్లు. అంటే ట్వీట్లలో పలికింది ఆ మనుషుల నాడి కాదు, ఊరి నాడి. దీని మీద కూడా నిక్ బ్రౌన్, జేమ్స్ కోయిన్ లాంటివాళ్లు గట్టి సందేహాలు లేవనెత్తారు, అది ఉండాల్సిందే. వెతుకులాటలను బట్టి ఫ్లూను ముందే చెబుతానన్న గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2012-13 శీతాకాలంలో అసలుకంటే ఎంతో ఎక్కువ చెప్పి నవ్వులపాలైంది, 2015లో మూతపడింది. ఊరి జ్వరం కొలిచేవాడు తప్పు చేస్తే నష్టపోయేది గ్రాఫు. ఒక మనిషి మీద ముద్ర వేసేవాడు తప్పు చేస్తే ఉద్యోగం, బీమా, పెళ్లి సంబంధం పోతాయి.

విడి మనిషి విషయంలో దారి ఫిలడెల్ఫియా రోగులే చూపించారు. ఆ అధ్యయనాల తొలిదశలో పాల్గొన్నవాళ్లలో సోషల్ మీడియా వాడేవాళ్లను మీ పోస్టులు మీ వైద్య రికార్డుతో కలుపుతాం, ఒప్పుకుంటారా అని అడిగితే 71 శాతం మంది సరేనన్నారు. అడిగితే ఇచ్చేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు దొంగచాటుగా తీసుకోవాల్సిన అవసరమేమిటి? ఒప్పుకోని 29 శాతం మందికి వైద్యంలో ఏ లోటూ జరగకూడదన్నది కూడా ఆ ఒప్పందంలో భాగమే, బీమా కంపెనీ తగ్గింపు ఆశచూపి అడిగినదానికీ దీనికీ ఉన్న తేడా అదే. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న ఒక అమ్మాయి నెలకోసారి డాక్టరు దగ్గరికి వస్తుందనుకుందాం. ఆయనకు దొరికేది పది నిమిషాలు. ఎలా ఉన్నావమ్మా అంటే పర్వాలేదు సార్ అంటుంది, పక్కన అత్తగారు ఉన్నారు మరి. ఈ నెలలో తాను ఏ వేళల్లో ఫోను పట్టుకుంది, ఎన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు, ఏ వారం రాతలు మారిపోయాయి అన్నది ఆమే తన ఫోన్లో చూసుకుని, చూపాలనుకున్నది చూపి, వద్దనుకున్నది తీసేసి ఆయన ముందు పెడితే సంభాషణ మరోచోట మొదలవుతుంది. పదకొండో తారీఖు నుంచి రోజూ తెల్లవారుజామున మూడింటికి మేలుకునే ఉన్నట్టున్నావు, ఏమైందమ్మా ఆ రోజు అని డాక్టరు అడుగుతాడు. అత్తగారిని కాసేపు బయట కూర్చోమంటాడు.